గుంతలు పూడ్చడంతో సరిపెట్టకుండా రోడ్డు సరిగ్గా వేయించుకోవాలంటే నగరపాలక సంస్థను ఎలా అడగాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: సుమారు 400 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు ఉన్న తారు రోడ్డు. ఏటా వానలకు గుంతలు పడతాయి. యాప్‌లో ఫిర్యాదు పెడితే ఎవరో వచ్చి పూడ్చి వెళ్తారు, నెల తిరక్కుండా అదే చోట లేచిపోతుంది. రికార్డులో మాత్రం ప్రతి ఫిర్యాదు పక్కనా "పరిష్కారమైంది" అని ఉంటుంది. ఇక ఎవరిని పట్టుకోవాలి, ఏమని అడగాలి అన్నారు.

సూటిగా చెప్తాను. గుంత మీద ఫిర్యాదు చేసినంత కాలం గుంతే పూడుతుంది, రోడ్డు రాదు. రోడ్డు రావాలంటే అది ఎందుకు పాడవుతోందో మీరే కాగితం మీద పెట్టాలి. ఏ పని చేయాలో పేరు పెట్టి అడగాలి. ఆ కాగితం ఫిర్యాదుల విభాగానికి కాకుండా, వచ్చే ఏడాది పనుల జాబితా తయారుచేసే ఇంజినీరింగ్ విభాగానికి, బడ్జెట్ ఖరారు కాకముందే చేరాలి. పని మొదలైన రోజు మీలో ఇద్దరు అక్కడ నిలబడి చూసుకోవాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా కథ మళ్లీ మొదటికొస్తుంది.

రెండు కిటికీలు వేరు

గుంతలు పూడ్చే సిబ్బంది నిర్వహణ ఖాతా మీద పనిచేస్తారు. వాళ్ల దగ్గర ఉండేది ఒక బండి, కాస్త కోల్డ్ మిక్స్ (వేడి చేయకుండానే వాడే తారు మిశ్రమం), రెండు పారలు. ఫిర్యాదు ఎంత త్వరగా మూశారన్నదే వాళ్ల పనితీరుకు కొలమానం. రోడ్డు తవ్వి అడుగు పొర మార్చే అధికారం గానీ, డ్రెయిన్ కట్టే అధికారం గానీ వాళ్లకు లేదు. కాబట్టి "పరిష్కారమైంది" అనే మాట వాళ్ల లెక్కలో అబద్ధం కాదు. ఆ గుంత ఆ రోజుకు పూడింది, అంతే. వాళ్ల మీద కోప్పడి లాభం లేదు.

రోడ్డును కొత్తగా వేయడం మూలధన పనుల కిందికి వస్తుంది. దాని దారి వేరు: ఇంజినీరు తనిఖీ, ఎస్టిమేట్, సాంకేతిక మంజూరు, బడ్జెట్ కేటాయింపు, టెండర్, వర్క్ ఆర్డర్. మీ వీధి ఈ వరుసలోకి ఎక్కకపోతే ఎన్నేళ్లు ఫిర్యాదు చేసినా ఫలితం ఉండదు. అలాగని పాత ఫిర్యాదులు వృథా అనుకోకండి. ఒకే చోట ఎన్నిసార్లు పూడ్చినా నిలవలేదని నిరూపించేవి అవే. ప్రతి ఫిర్యాదు నంబరు, తేదీ, మూసిన తేదీ, మళ్లీ లేచిన తేదీ ఒక కాగితం మీద వరుసగా రాసి పెట్టుకోండి. మూసేసిన ఫిర్యాదును తిరిగి తెరిచే వీలుంటే అదే తెరవండి. కొత్తది పెడితే పాత చరిత్ర తెగిపోతుంది.

ముందు రోడ్డు ఎవరిదో తేల్చుకోండి

ఊళ్లో ఉన్న ప్రతి రోడ్డూ నగరపాలక సంస్థది కాదు. కొన్ని రహదారుల శాఖవి, కొన్ని ఇంకా అప్పగించని ప్రైవేటు లేఅవుట్లవి. కొన్నిచోట్ల రోడ్డు నగరానిదే అయినా, దాన్ని తవ్వి సరిగ్గా పూడ్చనిది నీటి సరఫరా వాళ్లో కేబుల్ వాళ్లో అయి ఉంటుంది. నెలలు తిరిగాక "ఇది మా పరిధిలోది కాదు" అనే జవాబు రాకూడదంటే మొదటి ఉత్తరంలోనే ఇవి రాతపూర్వకంగా అడగండి: రోడ్డు రిజిస్టర్‌లో మా వీధి నంబరు, చివరిసారి తారు వేసిన తేదీ, అప్పటి మందం, కాంట్రాక్టరుకు లోపాల బాధ్యత ఏ తేదీ వరకు ఉంది, ఆ తర్వాత తవ్వడానికి ఎవరికి అనుమతి ఇచ్చారు.

లోపాల బాధ్యత గడువు చాలా ముఖ్యం. ఆ గడువు లోపల రోడ్డు పాడైతే కాంట్రాక్టరు తన ఖర్చుతో బాగుచేయాలి. కొత్త బడ్జెట్ అక్కర్లేదు, టెండర్ అక్కర్లేదు. అన్నిటికంటే దగ్గరి దారి ఇదే. గడువు దాటిన మర్నాటి నుంచి ఆ దారి మూసుకుపోతుంది. అందుకే ఆ తేదీ కనుక్కోవడం మొదటి పని.

రోడ్డు ఎందుకు పోతోందో చూసే పద్ధతి

దాదాపు ప్రతి గుంత వెనకా నీరు ఉంటుంది. తారు ఎండకు, గాలికి గట్టిపడి పగులుతుంది. పగుల్లోంచి నీరు కిందికి దిగి అడుగు పొరను నానబెడుతుంది. నానిన పొర మీద చక్రం బరువు పడ్డప్పుడల్లా పై తారు పొర వంగుతుంది, ఇంకా పగులుతుంది, ముక్కలై లేచిపోతుంది. అందుకే పై గుంతను మాత్రమే పూడిస్తే కింద తడి అలాగే ఉంటుంది.

మీ వీధిలో ఏది జరుగుతోందో చూపుతోనే చాలావరకు తెలుస్తుంది. పైపైన కంకర రాలుతూ రోడ్డు గరుకుగా మారి, అడుగు గట్టిగా ఉంటే తారు వయసైపోయిందన్నమాట. అక్కడ పై పొర మార్చితే చాలు. చక్రాలు నడిచే దారి వెంబడి మొసలి చర్మంలా చిన్న చిన్న పలకలుగా పగుళ్లు ఉంటే అడుగు పొర దెబ్బతిన్నట్టు. దాని మీద ఎంత మందంగా తారు పోసినా కిందున్న పగుళ్లు పైకి ఎగబాకుతాయి. వీధి పొడవునా లేదా అడ్డంగా తిన్నని గీతలా కుంగితే అది పైపు కోసం తవ్విన కందకం, మట్టి సరిగ్గా దిమ్మిస చేయలేదు. రోడ్డు అంచులు మాత్రమే విరుగుతుంటే అక్కడ నీరు నిలుస్తోంది, లేదా అంచుకు పక్కన ఊతం లేదు.

ఒక్క పరీక్ష తప్పక చేయండి. వాన వెలిసి పై తారు ఆరిపోయాక పగుళ్ల దగ్గర కూర్చుని చూడండి. రోడ్డంతా పొడిగా ఉన్నా పగులు మాత్రం నల్లగా తడిగా ఉండి, చుట్టూ బూడిద రంగులోనో ఎర్రగానో పల్చటి బురద మరక కనిపిస్తుందా? బరువైన బండి దాటినప్పుడు పగుల్లోంచి బురద నీళ్లు బుడగలతో పైకి చిమ్ముతాయా? అది అడుగు పొరలోని సన్నని మట్టి. చిమ్మిన ప్రతిసారీ కింద అంత ఖాళీ ఏర్పడుతుంది. దాన్ని వీడియో తీయండి. అడుగు పొర పోయిందని ఇంజినీరును ఒప్పించడానికి గుంతల ఫొటోలు పది ఉన్నా ఈ ఒక్క వీడియోకు సాటిరావు.

బరువు సంగతి కూడా రాయాలి. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒటావా దగ్గర 1958 నుంచి 1960 వరకు జరిగిన ఆషో (అక్కడి రాష్ట్రాల రహదారి అధికారుల సంఘం) రోడ్డు పరీక్షల్లో తేలిన విషయం ఇప్పటికీ రోడ్డు డిజైన్‌కు ఆధారం: రోడ్డుకు కలిగే నష్టం ఇరుసు బరువుకు సుమారు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. ఇరుసు బరువు రెట్టింపైతే నష్టం రెండింతలు కాదు, దాదాపు 16 రెట్లు. కాబట్టి కార్లు, బైకులు లెక్కపెట్టడం కంటే ట్యాంకర్లు, చెత్త లారీలు, బస్సులు, ఇసుక లారీలు రోజుకు ఎన్ని వెళ్తున్నాయో లెక్కపెట్టండి. రెండు మామూలు పనిదినాల్లో ఉదయం నుంచి రాత్రి దాకా వంతులవారీగా కూర్చుంటే సరిపోతుంది. పక్కనున్న పెద్ద రోడ్డు మూసినప్పుడు వాహనాలను మీ వీధిలోకి మళ్లించి ఉంటే ఆ తేదీలు కూడా రాయండి.

కొలతలు

వీధిని 20 మీటర్ల ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కకు నోట్‌బుక్‌లో ఒక వరుస పెట్టండి. గుంత పొడవు, వెడల్పు, లోతు టేపుతో. మొసలి పగుళ్లు ఉన్న చోటు చదరపు మీటర్లలో. నీరు నిలిచే చోటు, వాన ఆగిన రెండు గంటలకు అక్కడ ఇంకా ఎన్ని మిల్లీమీటర్ల నీళ్లున్నాయి. ఫొటోలు ప్రతి చోటా రెండు: ఒకటి టేపు కనిపించేలా దగ్గర్నుంచి, ఇంకోటి ఇంటి నంబరో స్తంభం నంబరో కనిపించేలా దూరం నుంచి. చోటు తెలియని ఫొటో దేనికీ పనికిరాదు.

వాలు కూడా చూడండి. తారు రోడ్డు మధ్యలో ఎత్తుగా, అంచులకు వాలుగా ఉండాలి. సాధారణంగా ఈ వాలు 2 నుంచి 2.5 శాతం. అంటే మీ 5 మీటర్ల రోడ్డుకు మధ్యభాగం అంచుకంటే 50 నుంచి 60 మిల్లీమీటర్లు ఎత్తుండాలి. అడ్డంగా ఒక తాడు బిగించి లెవెల్ పెట్టి కొలిస్తే తెలిసిపోతుంది. అలాగే డ్రెయిన్ మూత రోడ్డు కంటే ఎత్తులో ఉందేమో చూడండి. నీళ్లు పైకి ఎక్కి డ్రెయిన్లో పడవు కదా. ఇది సరిచేయకుండా ఎంత మంచి తారు వేసినా డబ్బు నీళ్లపాలే.

చాలా నగరాలు రోడ్లకు పేవ్‌మెంట్ కండిషన్ ఇండెక్స్ అనే మార్కులు వేస్తాయి. అమెరికా సైన్యపు ఇంజినీర్ల విభాగం రూపొందించిన పద్ధతి ఇది. ప్రమాణాలు రూపొందించే ఏఎస్‌టీఎం సంస్థ ఇచ్చిన డి6433 దీని ప్రమాణం. 100 అంటే కొత్త రోడ్డు, 55 దిగితే బాగాలేనట్టు, 10 దిగితే పూర్తిగా పోయినట్టు. మీ వీధికి ఎన్ని మార్కులు, ఎప్పుడు వేశారు, మరమ్మతుల జాబితాలో ఎన్నో స్థానం అని అడగండి. అసలు మార్కులే వేయలేదంటే, మరి ఏ ప్రాతిపదికన వీధుల్ని ఎంచుకుంటున్నారని అడిగే హక్కు మీకుంది.

ఉత్తరం ఎలా ఉండాలి

ఒక్క పేజీ. ఆవేశం వద్దు, విశేషణాలు వద్దు. ఇలా ఉంటే చాలు:

"విషయం: ఫలానా వీధి (పొడవు 400 మీ., వెడల్పు 5 మీ.) అడుగు పొరతో సహా పునరుద్ధరణ కోసం. ఈ వీధిలో సుమారు 360 చదరపు మీటర్ల మేర, అంటే 18 శాతం, మొసలి పగుళ్లు ఉన్నాయి. పగుళ్లలోంచి అడుగు మట్టి పైకి వస్తోంది (వీడియో జతచేశాం). గత రెండేళ్లలో ఇవే చోట్ల పూడ్చిన గుంతలు మళ్లీ లేచాయి (ఫిర్యాదుల జాబితా జతచేశాం). ఇంటి నంబరు ఫలానా ఎదుట డ్రెయిన్ మూత రోడ్డుకంటే 40 మి.మీ. ఎత్తులో ఉన్నందున నీరు నిలుస్తోంది. కాబట్టి 1) అడుగు పొర పరిస్థితి తెలుసుకోవడానికి పరీక్ష గోతులు తవ్వి ఫలితాలు తెలియజేయాలని, 2) దెబ్బతిన్న చోట్ల పూర్తి లోతు మరమ్మతు చేయాలని, 3) మిగతా భాగంలో పాత పై పొరను చెక్కి కొత్త పొర వేయాలని, 4) డ్రెయిన్ మూతల ఎత్తు సరిచేయాలని, 5) ఈ పనిని వచ్చే ఆర్థిక సంవత్సరం పనుల జాబితాలో చేర్చాలని కోరుతున్నాం. ప్రమాదకరమైన గుంతలు (జాబితా జతచేశాం) ఈలోగా వెంటనే పూడ్చాలి. ఫలానా తేదీలోగా రాతపూర్వక జవాబు ఇవ్వగలరు."

దీని బలం ఎక్కడుందంటే, కాదనాలన్నా ఇంజినీరు ఒక్కో అంశానికీ కారణం రాయాలి. "రోడ్డు అధ్వానంగా ఉంది, వెంటనే బాగుచేయండి" అని రాస్తే రెండు బండ్ల కోల్డ్ మిక్స్ పంపి జవాబిచ్చాం అనుకుంటారు. ఉత్తరం ఇచ్చినట్టు స్టాంపు వేసిన నకలు తీసుకోండి. వార్డు ప్రతినిధికి ఒక ప్రతి ఇవ్వండి. సంతకాలు ఎక్కువ ఉండటం మంచిదే కానీ, ఆ వీధిలో ఉన్న బడి, ఆసుపత్రి, అంబులెన్సు దారి వంటివి ప్రస్తావిస్తే ప్రాధాన్యం పెరుగుతుంది.

ఆ తర్వాత ఉమ్మడి తనిఖీ కోరండి. ఇంజినీరు, వార్డు ప్రతినిధి, మీలో ముగ్గురు నలుగురు చాలు. యాభై మంది గుమిగూడితే అది వాగ్వాదమవుతుంది, తనిఖీ అవదు. వీలైతే వాన పడ్డ మర్నాడు నడవండి. సాయంత్రానికల్లా "ఈరోజు తనిఖీలో మీరు చెప్పినవి ఇవి" అని రాసి వాళ్లకు పంపండి. నోటిమాటకు అలా రికార్డు ఏర్పడుతుంది.

వచ్చే జవాబులు

"నిధులు లేవు" అంటే, ఈ ఏడాది ఎంచుకున్న రోడ్ల జాబితా, వాటి మార్కులు అడగండి. "ప్రతిపాదన పంపాం" అంటే, దాని నంబరు, తేదీ, ఇప్పుడు ఎవరి దగ్గరుందో అడగండి. నంబరు లేని ప్రతిపాదన లేనట్టే.

"పైపులైన్ పని ఉంది, అది అయ్యాక వేస్తాం" అనేది మాత్రం కొట్టిపారేయకండి. నిజమైతే అది సరైన జవాబే. కొత్త రోడ్డు వేసి ఆర్నెల్లకు తవ్వడం కంటే దారుణం ఇంకోటి లేదు. పని మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, కందకాన్ని పొరలు పొరలుగా (ఒక్కో పొర 150 నుంచి 200 మి.మీ.) దిమ్మిస చేసే బాధ్యత ఎవరిదో రాతలో తీసుకోండి. అప్పటిదాకా ప్రమాదకరమైన గుంతలు పూడ్చమని అడగండి.

జవాబే రాకపోతే సమాచార హక్కు ఉండనే ఉంది. చాలా దేశాల్లో ఇలాంటి చట్టం ఉంది. భారత్‌లో 2005 చట్టం ప్రకారం మామూలుగా 30 రోజుల్లో సమాచారం ఇవ్వాలి. చాలామంది గమనించని సంగతి: ఆ చట్టం 2(జె) సెక్షన్ కేవలం కాగితాలకే పరిమితం కాదు, పనులను పరిశీలించే హక్కు, సామగ్రి ధ్రువీకృత నమూనాలు తీసుకునే హక్కు కూడా ఇస్తుంది. రోడ్డు నాణ్యత మీద అనుమానం ఉన్నవాళ్లకు ఇది గట్టి ఆయుధం. ఎస్టిమేట్, వర్క్ ఆర్డర్, పని కొలతల రికార్డు, నాణ్యత పరీక్షల ఫలితాలు, ఈ నాలుగూ అడగండి. "ఎందుకు వేయలేదు" అని అడిగితే జవాబు రాదు. పలానా కాగితం నకలు ఇవ్వండి అంటే ఇవ్వక తప్పదు.

రాతపూర్వక నోటీసుకు ఇంకో విలువ కూడా ఉంది. లోపం సంగతి ముందే తెలిసి కూడా పట్టించుకోలేదంటే సంస్థ బాధ్యత పెరుగుతుంది. న్యూయార్క్ నగరంలో రోడ్డు లోపం వల్ల దెబ్బ తగిలిన వ్యక్తి దావా గెలవాలంటే సాధారణంగా ఆ లోపం గురించి నగరానికి ముందే రాతపూర్వక నోటీసు అంది, 15 రోజుల్లో సరిచేసి ఉండకూడదు. ఇంగ్లండ్‌లో 1980 నాటి హైవేస్ చట్టం 41వ సెక్షన్ నిర్వహణ బాధ్యతను సంస్థ మీద పెడుతుంది, 58వ సెక్షన్ "తగిన జాగ్రత్త తీసుకున్నాం" అని వాదించుకునే వీలిస్తుంది. మీ దగ్గరున్న తేదీలు, కొలతలు ఆ వాదనను దెబ్బతీసేవే. మీ చోట నియమం ఏదైనా సరే, ప్రమాదకరమైన ప్రతి గుంత గురించి రాతలో తెలియజేసి ఉంచండి.

గుంతల దగ్గర నిరసనలు, పత్రికలకు ఫొటోలు తప్పనను. కానీ ఏ పని కావాలో చెప్పకుండా నిరసన చేస్తే మర్నాటికల్లా ఒక ప్యాచ్ వస్తుంది, పత్రికలో "స్పందించిన అధికారులు" అని వస్తుంది, అక్కడితో వేడి చల్లారిపోతుంది. ఉత్తరం, గడువు, జవాబు రాకపోవడం, ఈ మూడూ చేతిలో ఉన్నాకే బయటికి వెళ్లండి.

పని రోజున చూసుకోవాల్సినవి

మంజూరు తెచ్చుకున్నవాళ్లు కూడా ఎక్కువగా ఓడిపోయేది ఇక్కడే. వర్క్ ఆర్డర్ నకలు ముందే తెచ్చుకుని, అందులో ఉన్నదే జరుగుతోందా చూడండి.

పూర్తి లోతు మరమ్మతు అంటే పగుళ్ల అంచు వరకు కాదు, అవి దాటి గట్టి రోడ్డు తగిలేదాకా 15 నుంచి 30 సెంటీమీటర్లు అదనంగా, చతురస్రంగా, నిలువు గోడలతో కోయాలి. తడి మట్టి మొత్తం తీసేయాలి. కొత్త కంకర పొర వేసి రోలింగ్ చేశాక అడుగున, గోడలకు టాక్ కోట్, అంటే అతుక్కునే పల్చటి తారు పూయాలి. గోడలకు పూయడం ఎగ్గొడతారు, నీరు మళ్లీ దిగేది ఆ అంచులోంచే.

మిల్లింగ్, అంటే పాత పై పొరను చెక్కడం, చేయకుండా పాత రోడ్డు మీదే పొర మీద పొర వేస్తామంటే ఒప్పుకోకండి. రోడ్డు ఎత్తు పెరిగి వాననీరు ఇళ్లలోకి వస్తుంది, మ్యాన్‌హోళ్లు గుంతల్లా మారతాయి.

వేడి తారు మిశ్రమం చల్లారితే ఎంత రోలర్ తిప్పినా కుదురుకోదు. సుమారు 80 డిగ్రీల సెల్సియస్‌కు దిగేలోపే రోలింగ్ ముగియాలి. లారీ వచ్చి గంటల తరబడి నిలబడితే, మిశ్రమం గడ్డలు కట్టి ఉంటే అభ్యంతరం చెప్పండి. తడిగా ఉన్న రోడ్డు మీద వేయనివ్వకండి. రోలింగ్ పూర్తయిన పొరలో ఖాళీలు 8 శాతం దాటితే నీరు సులువుగా లోపలికి దిగుతుంది. అందుకే వేసిన పొరలోంచి కోర్ నమూనా (యంత్రంతో కోసి తీసే గుండ్రటి ముక్క) తీసి సాంద్రత, మందం పరీక్షించమని ముందే రాతలో కోరండి.

మందం తెలుసుకోవడానికి రెండు తేలికైన దారులు. రోలింగ్‌కు ముందు వదులుగా ఉన్న పొరలో గీతలున్న కమ్మీ గుచ్చండి: రోలింగ్ తర్వాత 50 మి.మీ. రావాలంటే ముందు 60 నుంచి 65 మి.మీ. ఉండాలి. రెండోది లారీల లెక్క. మీ వీధి 2,000 చదరపు మీటర్లు, 50 మి.మీ. మందానికి 100 ఘనపు మీటర్లు, ఘనపు మీటరుకు సుమారు 2.35 టన్నుల చొప్పున 235 టన్నులు. పది టన్నుల లారీలైతే 23, 24 రావాలి. పదిహేనే వచ్చాయంటే మందం 32 మి.మీ. దగ్గర ఆగిపోయినట్టే. వచ్చిన ప్రతి లారీ వేబ్రిడ్జి చీటీ ఫొటో తీసి పెట్టుకోండి, బిల్లు చెల్లింపుకు ముందే ఇంజినీరుకు రాతలో పంపండి. డబ్బు చెల్లించాక ఎవరూ తవ్వి చూడరు.

పని అయ్యాక మొదటి పెద్ద వానకు మళ్లీ నడిచి నీరు ఎక్కడ నిలుస్తోందో చూసి, ఆ వారంలోనే రాయండి. లోపాల బాధ్యత గడువు ముగియడానికి రెండు నెలల ముందు ఇదే 20 మీటర్ల ముక్కల పద్ధతిలో మరోసారి కొలిచి జాబితా పంపండి. అప్పటికి 3 మి.మీ. దాటిన పగుళ్లు కనిపిస్తే తారు సీలింగ్ చేయమని కోరండి. ఆ దశలో అది చాలా చవకైన పని.